తెల్లవారుజామున సరుకు దించే మోత: దుకాణంవారితో గొడవ పడకుండా తగ్గించుకునే దారి ఉందా?

మొదటి అంతస్తు నివాసి, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. మేము కొత్తపేట దగ్గరి ఒక కాలనీలో, ఐదంతస్తుల భవనంలో మొదటి అంతస్తులో ఉంటున్నాము. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడినుంచి బాటసింగారానికి తరలిపోయినప్పుడు, రాత్రి లారీల రొద ఇక తీరిందని కాలనీవాళ్లమంతా ఊపిరి పీల్చుకున్నాము. ఆ తర్వాత మా భవనం నేల అంతస్తును ఒక సూపర్ మార్కెట్‌వారు అద్దెకు తీసుకోవడంతో అదే రొద ఈసారి మా పడకగది కిందికే వచ్చింది. పగటిపూట వాళ్లవల్ల మాకు ఏ ఇబ్బందీ లేదు, మెట్లు దిగితే కూరగాయలు దొరకడం సుఖంగానే ఉంది. బాధంతా రాత్రి రెండున్నర నుంచి ఐదింటిలోపు వచ్చే సరుకు బండ్లతోనే.

మూడు వారాలపాటు ఒక నోటుపుస్తకం తలగడ పక్కన పెట్టుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా గంట, చప్పుడు రాసుకున్నాను. సుమారు 2 గంటల 40 నిమిషాలకు డీసీఎం లారీ వస్తుంది. మా సందు ఇరుకు కావడంతో వెనక్కి నడపాలి. అంతసేపూ దాని రివర్సు హారన్ పాట మోగుతూ ఉంటుంది, క్లీనర్ బండి వెనక అరచేత్తో కొడుతూ ‘రానీ, రానీ’ అంటాడు. తర్వాత షట్టర్ దడదడమంటూ లేస్తుంది. బండి వెనక డోరు గొలుసులు విప్పి ఒక్కసారిగా వదిలేస్తారు, ఆ దెబ్బకు మా కిటికీ అద్దం అదురుతుంది. ఆపైన ఇనుప చక్రాల ట్రాలీ, బండకూ బండకూ మధ్య సందు దాటినప్పుడల్లా ఒక్కో టక్కు. 4 గంటల 10 నిమిషాలకు పాల వ్యాను వస్తుంది. నిండు క్రేట్లు నేలమీదికి జారవిడుస్తారు, ఖాళీ క్రేట్లు బండిలోకి విసురుతారు. ఇంజిను చప్పుడు ఒకే ధోరణిలో సాగుతుంది కాబట్టి దానికి నేను అలవాటు పడిపోయాను. ఉన్నట్టుండి పడే ఇనుము మోతకు మాత్రం ఇన్ని నెలలైనా అలవాటు పడలేకపోయాను.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, మా అత్తగారికి 74 ఏళ్లు, రక్తపోటు ఉంది. ఒకసారి లేచారంటే మళ్లీ ఆమె కంటికి కునుకు పట్టదు. మేనేజరుగారిని అడిగితే, రాత్రి బండి రాకపోతే పొద్దున్నే అరలు ఖాళీగా ఉంటాయని మర్యాదగానే చెప్పారు. ఒక రాత్రి ఆగలేక కిందికి దిగి చూశాను. నలుగురు హమాలీలు పనిచేస్తున్నారు, అందులో ఒకాయనది మా నాన్నగారి వయసు ఉంటుంది. నన్ను చూసి, ‘నిద్ర పాడైందా అమ్మా’ అని ఆయనే ముందు అడిగారు. వాళ్ల పొట్ట కొట్టే పని నేను చేయలేను.

నేను తెలుసుకోగోరేది రెండు విషయాలు. బండ్లు రాత్రే వచ్చినా చప్పుడు తగ్గించడం సాధ్యమేనా, సాధ్యమైతే దుకాణంవారిని ఏమని అడగాలి? వాళ్లు వినకపోతే చట్టం ఏమైనా ఆదుకుంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.


పాత ట్రాన్స్‌పోర్టు గుమాస్తా, విజయవాడ:

అమ్మా, నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో 26 ఏళ్లు బుకింగు గుమాస్తాగా పనిచేశాను. వన్ టౌన్ సందుల్లో మేము ఎన్ని రాత్రులు ఎంతమందిని నిద్ర లేపామో ఇప్పుడు తలచుకుంటే బాధగానే ఉంటుంది. అందుకే తెలిసినదంతా రాస్తున్నాను.

బండ్లు రాత్రే ఎందుకు వస్తాయో ముందు తెలియాలి. పెద్ద ఊళ్లలో పగటిపూట బరువు బండ్లకు ప్రధాన రోడ్లమీద ప్రవేశం ఉండదు, ట్రాఫిక్ పోలీసులు గంటలు కట్టి రానిస్తారు. పగలు రానిచ్చే చిన్న బండ్లకైనా రాత్రి నలభై నిమిషాల్లో అయ్యే దూరం పగలు రెండు గంటలు పడుతుంది. కనుక వేళ మార్చమని అడిగితే మేనేజరు చేతిలో లేని పనిని అడిగినట్టవుతుంది, ఆయన కాదనడానికి సులువైన కారణం దొరుకుతుంది. చప్పుడు సంగతి అలా కాదు, అది పూర్తిగా ఆయన చేతిలోని పని.

రెండో సంగతి హమాలీల కూలి. చాలాచోట్ల బస్తాకు ఇంత, పెట్టెకు ఇంత అని లెక్క. ఎంత తొందరగా దించితే అంత తొందరగా ఇంకో బండి దగ్గరికి పోవచ్చు. కాబట్టి ‘మెల్లగా చేయండి’ అని వాళ్లకు చెప్పడం వాళ్ల కూలి తగ్గించుకోమనడమే. ఒక రాత్రి వింటారు, మర్నాడు మామూలే. ఎంత తొందరగా చేసినా మోగని విధంగా సామాను ఉండాలి, నా అనుభవంలో నిలబడిన పద్ధతి అదొక్కటే.

మీరు గొలుసుల మాట రాశారు. మేము పాత సైకిలు ట్యూబులు తెచ్చి, గొలుసు పొడవునా తొడిగి, చివర తీగతో కట్టేవాళ్లం. ఒక బండికి పావుగంట పని. డోరు పడేచోట బండి చట్రానికి రెండు పక్కలా పాత టైరు ముక్క బోల్టు వేసి బిగించాలి; అప్పుడు ఇనుముకు ఇనుము తగలదు, రబ్బరుకే తగులుతుంది. డోరును ఒక్కరు వదలడం కాకుండా ఇద్దరు చెరో మూల పట్టుకుని దించితే రెండు క్షణాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఇది బండి యజమాని చేయవలసిన పని కాబట్టి దుకాణంవారు ఆయనకు చెప్పాలి. మీ దుకాణానికి రోజూ అవే రెండు మూడు బండ్లు వస్తుంటాయి, వేరే వేరేవి రావు.

ఇక రివర్సు. మీ సందుకు అవతలి కొస తెరిచి ఉంటే, ఆ వైపునుంచి ముందుకు వచ్చి ఇటునుంచి ముందుకే వెళ్లిపోయేలా చూడమనండి, వెనక్కి నడిపే అవసరమే పోతుంది. కుదరకపోతే క్లీనరు చేతికి ఒక టార్చి ఇవ్వాలి. అద్దంలో వెలుతురు కనబడుతుంటే డ్రైవరుకు కేకలతో పని ఉండదు. ఆ పాటల హారను కంపెనీ పెట్టి ఇచ్చింది కాదు, బయట బిగించుకున్నది. రాత్రి తీసేయడానికి ఒక స్విచ్చి చాలు. వెనక మనిషి లేకుండా మాత్రం దాన్ని ఆపకూడదు, సందులో పిల్లవాడో ముసలివాళ్లో ఉండవచ్చు.

ఇంజిను ఆపకపోవడానికి కూడా డ్రైవర్ల దగ్గర కారణం ఉంటుంది. ఎయిర్ బ్రేకు బండికి గాలి కారుతుంటే, ఆపిన కాసేపటికి ఒత్తిడి దిగిపోతుంది, మళ్లీ గాలి పట్టేదాకా కదలదు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా ఆపడానికి భయపడతారు. ఎప్పుడూ ఇంజిను ఆపని బండి మరమ్మతు కావలసిన బండి అని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.


కాలనీ సంఘం సభ్యుడు, వరంగల్:

ఇంత ఓపిక ఎందుకో నాకు అర్థం కావడం లేదు. నివాస భవనం కింద ఉదయం 6 గంటలకు ముందు ఏ బండీ రాకూడదని సంఘం తీర్మానం చేసి గేటుకు తాళం వేస్తే సరిపోతుంది. మా కాలనీలో అలాగే చేశాము.


పాత ట్రాన్స్‌పోర్టు గుమాస్తా, విజయవాడ:

అయ్యా, మీ కాలనీలో అది నడిచి ఉండవచ్చు, కాదనను. అయితే 6 గంటలకు వచ్చే బండి బడి బస్సులతో, పాలకు వచ్చేవాళ్లతో, నడకకు వెళ్లే పెద్దవాళ్లతో ఒకే సందులో పడుతుంది. సరుకు దించడానికి బండి రోడ్డుమీదే నిలబడుతుంది, వెనక నిలిచిపోయిన బండ్లన్నీ హారన్లు కొడతాయి. ఆ అమ్మగారి కాలనీలో సందు ఇరుకని రాశారు కదా, ఒకరి నిద్ర కాపాడబోయి ఇంకొకరి కాలు విరగకూడదు.


శబ్ద నియంత్రణ ఇంజనీరు, బెంగళూరు:

నేను భవనాల్లో శబ్దం, ప్రకంపనల నివారణ పనిలో ఉన్నాను. ప్రశ్న అడిగినవారు రాసుకున్న నోటుపుస్తకమే ఇందులో సగం పని చేసింది, ఎందుకంటే ఏ చప్పుడు ఎక్కడ పుడుతున్నదో తెలియకుండా వేసే మందు ఏదీ పనిచేయదు.

మీ ఇంటికి ఈ మోత రెండు దారుల్లో వస్తున్నది. ఒకటి గాలి దారి: హారను, కేకలు, షట్టరు, డోరు. ఇవి కిటికీలోంచి వస్తాయి. రెండోది భవనం దారి: ట్రాలీ చక్రం బండల సందులో పడ్డప్పుడు, పాల క్రేటు నేలను తాకినప్పుడు ఆ దెబ్బ నేలలోంచి స్తంభాల్లోకి, అక్కడినుంచి మీ స్లాబులోకి ఎక్కుతుంది. దీన్ని కనిపెట్టడానికి పరికరం అక్కర్లేదు. ఒక రాత్రి కిటికీలన్నీ గట్టిగా మూసి వినండి. ఏ చప్పుడు బాగా తగ్గిందో అది గాలి దారిది, ఏది తగ్గకుండా దిండులోంచి వస్తున్నట్టు వినిపిస్తుందో అది భవనం దారిది. రెండో రకానికి ఎంత ఖరీదైన కిటికీ పెట్టించినా లాభం లేదు. ఈ తేడా తెలియక యూపీవీసీ కిటికీలకు పెద్ద మొత్తం ఖర్చుపెట్టి నిరాశపడినవారిని చాలామందిని చూశాను.

భవనం దారిని నేల దగ్గరే ఆపాలి. బండి ఆగేచోటునుంచి దుకాణం గిడ్డంగి గుమ్మందాకా ట్రాలీ నడిచే దారిలో కనీసం 10 మిల్లీమీటర్ల మందం రబ్బరు షీటు పరిచి, అంచులు లేవకుండా బిగించాలి. పాల క్రేట్లు దించేచోట అదే షీటు రెండు పొరలు వేయాలి. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్‌లో ఇలాంటి షీట్లు దొరుకుతాయి. ట్రాలీలకు ఇనుప చక్రాలు, గట్టి నైలాను చక్రాలు తీసేసి మెత్తని రబ్బరు చక్రాలు వేయించాలి. పెద్ద చక్రం అయితే బండల సందులో పడదు, లాగేవాళ్లకూ శ్రమ తగ్గుతుంది. హమాలీలు ఈ మార్పును ఇష్టపడతారని నా అనుభవం. గుమ్మం దగ్గర గళ్ల ఇనుప రేకుతో చేసిన ర్యాంపు ఉన్నదేమో చూడండి. దానికింద బోలుగా ఉంటే అడుగు పడినప్పుడల్లా డప్పులా మోగుతుంది, కింద రబ్బరు పట్టీలు పెట్టి నాలుగు మూలలా బిగిస్తే ఆ మోత అక్కడితో పోతుంది.

షట్టరు పక్క గాడుల్లో దుమ్ము గట్టిపడితే పట్టీలు రాసుకుని మోగుతాయి. గాడులు శుభ్రం చేసి గ్రీజు వేయాలి, అరిగిన స్ప్రింగు మార్చాలి, కింద పట్టీకి రబ్బరు బీడింగు వేయాలి. సరుకు అంతా ఒకే గుమ్మంలోంచి పోతున్నప్పుడు షట్టరును రాత్రికి ఒకేసారి ఎత్తి ఒకేసారి దించేలా చూసుకుంటే మోత సంఖ్య సగానికి పడిపోతుంది.

కొలతల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. మన నిబంధనల్లో చూసేది ఒక వ్యవధిమీద తీసిన సగటు స్థాయి. మీ కిటికీ దగ్గర 85 డెసిబెళ్ల డోరు దెబ్బ గంటలో ఒక్క సెకను మాత్రమే వినిపించి, మిగతా గంటంతా నిశ్శబ్దంగా ఉన్నదనుకుందాం. లెక్క వేస్తే ఆ గంట సగటు 49 డెసిబెళ్లే వస్తుంది. కాగితంమీద అది పెద్ద నేరంలా కనిపించదు, ఇంట్లో మాత్రం అందరూ లేచి కూర్చుంటారు. నిద్రను చెడగొట్టేది సగటు కాదు, ఆ ఒక్క దెబ్బ. పడకగదిలో వినిపించే విడి దెబ్బ ఏదీ 45 డెసిబెళ్లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. ఫోను యాప్ చూపించే అంకెలను నిజమైన కొలతగా ఎవరికీ చూపించకండి, అయితే మార్పులకు ముందు, తర్వాత అదే ఫోను అదేచోట పెట్టి పోల్చుకోవడానికి అది పనికివస్తుంది. 10 డెసిబెళ్లు తగ్గితే మన చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది.


న్యాయవాది, హైదరాబాద్:

చట్టం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి అంటే 10 గంటలనుంచి ఉదయం 6 గంటలవరకు. ఆ వేళల్లో నివాస ప్రాంతానికి పరిమితి 45 డెసిబెళ్లు, వాణిజ్య ప్రాంతానికి 55. పగలు అవే 55, 65. ఆస్పత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లలోపు నిశ్శబ్ద మండలంగా ప్రకటించినచోట పగలు 50, రాత్రి 40. నివాసమూ వ్యాపారమూ కలిసి ఉన్న మీలాంటి ప్రాంతాన్ని ఇలాంటి వర్గాల్లో ఏదో ఒకటిగా ప్రకటించే అధికారం సంబంధిత అధికారులకు ఉంది. అందుచేత అవతలివారు ముందుగా ‘ఇది వాణిజ్య ప్రాంతం’ అనే వాదిస్తారు.

శబ్దం పరిమితికన్నా 10 డెసిబెళ్లు లేదా అంతకు మించి ఉంటే, లేదా రాత్రివేళకు సంబంధించిన ఆంక్షలను ఎవరైనా ఉల్లంఘిస్తే, బాధితులు అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఈ నిబంధనల కింద అధికారి అంటే జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి. పైన ఇంజనీరుగారు చూపిన సగటు లెక్క ఇక్కడే మీకు అడ్డం వస్తుంది. అయితే నివాస ప్రాంతంలో రాత్రిపూట అత్యవసరమైతే తప్ప హారను మోగించకూడదన్న నిబంధన విడిగా ఉంది, దానికి డెసిబెళ్ల కొలత అవసరం లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 194ఎఫ్ సెక్షను కింద అనవసరంగా హారను కొట్టినందుకు మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ చేస్తే 2,000 రూపాయలు జరిమానా. మోత ప్రజాబాధగా మారినప్పుడు దాన్ని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 133వ సెక్షనే ఇది. ప్రశాంతంగా జీవించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 2005 జులై 18నాటి తీర్పులో స్పష్టంగా చెప్పింది.

ఇంత చెప్పినా, గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తవద్దనే నా సలహా. ముందుగా భవన యజమానికి, దుకాణానికి కలిపి ఒక ఉత్తరం రాయండి. మీ నోటుపుస్తకంలోని పేజీల నకళ్లు జతచేయండి. ‘శబ్దం తగ్గించండి’ అని కాకుండా, ఏ చప్పుడుకు ఏ మార్పు కోరుతున్నారో ఒక్కొక్కటిగా రాసి, 30 రోజుల గడువు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వాళ్లు చేస్తే సంతోషం. చేయకపోతే, మీరు సామరస్యంగా ప్రయత్నించారనడానికి ఆ ఉత్తరమే సాక్ష్యం. అద్దె ఒప్పందంలో ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించరాదన్న షరతు చాలాసార్లు ఉంటుంది, ఆ సంగతి యజమానిని అడగండి.


తెలుగు ఉద్యోగి, ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్:

నేను ఇక్కడ సరుకు రవాణా రంగంలోనే పనిచేస్తున్నాను. ఇంజనీరుగారు చెప్పిన సగటు, విడి దెబ్బల తేడాకు ఈ దేశం చాలాకాలం క్రితమే ఒక జవాబు వెతికింది కాబట్టి రాయాలనిపించింది.

ఇక్కడ 1998లో చిల్లర వర్తకానికి సంబంధించిన నిబంధనల్లో సరుకు ఎక్కించే, దించే వేళ వచ్చే అత్యధిక శబ్దానికి పరిమితి పెట్టారు. సాయంత్రం 7 నుంచి రాత్రి 11 వరకు 65 డెసిబెళ్లు, రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు 60. సగటు కాదు, ఏ ఒక్క దెబ్బా అంతకు మించకూడదు. దానిని అందుకోవడానికి మొదలైన కార్యక్రమం పేరు పీక్. లారీలు, వెనక లిఫ్టులు, సరుకు పెట్టి తోసే చక్రాల పంజరాలు, ట్రాలీలు, శీతల యంత్రాలు ఒక్కొక్కదాన్నీ 7.5 మీటర్ల దూరంనుంచి కొలిచి, పరిమితికి లోబడినవాటికి గుర్తింపు ఇస్తారు. 60 అన్న అంకె ఊరికే పుట్టింది కాదనిపిస్తుంది: కిటికీ కొంచెం తెరిచి ఉంటే బయటి శబ్దం లోపలికి వచ్చేసరికి సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుంది, అప్పుడు పడకగదిలో మిగిలేది ఇంజనీరుగారు చెప్పిన ఆ 45.

నా కళ్లతో చూసినది చెబుతాను. మా వీధి చివరి దుకాణానికి తెల్లవారకముందే లారీ వస్తుంది. దాని లోపలి నేలకు మెత్తని పూత ఉంటుంది, అందులో అడుగు చప్పుడు కూడా మునిగిపోతుంది. డ్రైవరు దిగేముందే రేడియో కట్టేస్తాడు, తలుపును విసరకుండా చేత్తో ఒత్తి మూస్తాడు. వెనక్కి నడిపేటప్పుడు వచ్చే హెచ్చరిక ‘పీ పీ’ అని కాకుండా ఇసుక జారినట్టు ‘ష్, ష్’ అని వినిపిస్తుంది. ఆ రకం శబ్దం బండి వెనక ఉన్నవాళ్లకు స్పష్టంగా వినిపిస్తుంది కాని దూరం పోదు. ఇందులో యంత్రం ఎంతో డ్రైవరుకు ఇచ్చిన శిక్షణా అంతే.

రాత్రి సరఫరాను ఆపకుండా మోతను మాత్రమే ఆపితే ఊరంతటికీ లాభం ఉంటుందని బార్సిలోనాలో 2000వ దశకం మొదట్లో జరిగిన ప్రయోగం చూపించింది. ఒక సూపర్ మార్కెట్‌కు పగలు వచ్చే ఏడు చిన్న లారీల సరుకును రాత్రి రెండు 40 టన్నుల లారీల్లో, చప్పుడు తగ్గించే ఏర్పాట్లతో తెచ్చారు. పగటి వీధిలో ఏడు బండ్లు తగ్గడమంటే తక్కువ సంగతి కాదు. ఈ చిక్కు కొత్తది కూడా కాదు. జూలియస్ సీజర్ రోము నగరంలో పగటివేళ బరువు బండ్లను నిషేధించిన తర్వాతి కాలంలో, రాత్రంతా రాళ్ల వీధుల్లో చక్రాల మోతకు నిద్ర పట్టడం లేదని అక్కడివాళ్లు కూడా మొరపెట్టుకున్నారు.


కిరాణా టోకు వర్తకుడు, రాజమహేంద్రవరం:

దుకాణం వైపునుంచి నేను ఒక్కడినైనా మాట్లాడాలి. మాకు పొరుగువాళ్ల నిద్ర చెడగొట్టాలని ఉండదమ్మా. కాని రాత్రి సరుకు దిగేటప్పుడు యజమాని ఇంట్లో నిద్రపోతుంటాడు, ఆ చప్పుడు ఎలా ఉంటుందో అతనికి నిజంగా తెలియదు. మా మేడమీది మాస్టారు నన్ను ఒక రాత్రి వాళ్లింట్లో పడుకోమన్నారు. పడుకున్నాను. మూడింటికి నా సొంత దుకాణం షట్టరు నన్నే లేపింది. మర్నాడే గ్రీజు తెప్పించాను. మీ మేనేజరుగారిని కూడా వీలైతే ఒక రాత్రి అలా పిలవండి, ఉత్తరంకన్నా అది బాగా పనిచేస్తుంది.

ఇంకో చప్పుడు ఎవరూ రాయలేదు, అది లెక్క చప్పుడు. మా వైపు హమాలీలు బస్తా దించినప్పుడల్లా ‘లాభం, రెండు, మూడు’ అని గొంతెత్తి పాడతారు. ఒకటి అనకుండా లాభం అనడం మా పెద్దల నాటి ఆచారం, అది నాకూ ఇష్టమే. కాని ఆ కేకకు కారణం భక్తి ఒక్కటే కాదు, బండి దగ్గర లెక్కా గిడ్డంగిలో లెక్కా తేడా వస్తుందన్న భయం. తేడా వస్తే తెల్లవారుజామున నడిసందులో వాదన మొదలవుతుంది, అది ఇనుము మోతకన్నా పెద్దది. మేము గుమ్మం పక్కన నల్లబల్ల పెట్టి, అయిదేసి బస్తాలకు ఒక సుద్దగీత గీసి, చివర ఇద్దరూ కలిసి చూసుకునేలా చేశాము. మొదటి బస్తాకు మాత్రం లాభం అని మెల్లగా అంటారు. కేకలు పోయాయి, తగాదాలు కూడా పోయాయి.

పాల వ్యానును మాత్రం ఆలస్యంగా రమ్మనలేము, అయిదింటికి జనం వచ్చి నిలబడతారు. క్రేటును చేతినుంచి చేతికి అందుకోవడానికి ఒక మనిషి లోపలినుంచి వస్తే చాలు, నేలమీద పడేసే అవసరం ఉండదు. ఆ వేళకు ఒక కుర్రవాణ్ణి అరగంట ముందు పనిలోకి రమ్మనాలి, దానికి జీతం ఇవ్వాలి. అది మేము భరించదగిన ఖర్చే.


మొదటి అంతస్తు నివాసి, హైదరాబాద్:

అందరికీ కృతజ్ఞతలు. ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమి జరిగిందో చెప్పడం నా బాధ్యత అనిపించింది.

న్యాయవాదిగారు చెప్పినట్టే ఉత్తరం రాశాము, భవనంలోని పదకొండు కుటుంబాలు సంతకం చేశాయి. అయితే దాన్ని ఇవ్వడానికి ముందు మేనేజరుగారిని రాత్రి మా ఇంటికి పిలిచాము. ఆయన ముందు మొహమాటపడ్డారు, తర్వాత ఒక శనివారం రాత్రి రెండింటికి వచ్చి మా అత్తగారి గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డోరు పడ్డప్పుడు ఆమె ఉలిక్కిపడి మంచం పట్టీ పట్టుకోవడం ఆయన చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉత్తరం ఆ రోజే తీసుకున్నారు.

రబ్బరు షీటుకు, మూడు ట్రాలీల చక్రాలకు కలిపి 16,000 రూపాయలకు కొంచెం పైన అయింది. సగం దుకాణంవారు, సగం భవన సంఘం భరించాము. మొత్తం వాళ్లే పెట్టాలని మాలో కొందరు పట్టుబట్టారు కాని, నెలల తరబడి వాదించుకోవడంకన్నా ఇది నయమనిపించింది. కిటికీలు మూసి విన్నప్పుడు ట్రాలీ, క్రేట్లు రెండూ భవనం దారిలోనే వస్తున్నట్టు తేలింది, షీటు వేసిన రాత్రినుంచి ఆ టక్కు టక్కు దాదాపు వినిపించడం లేదు. డీసీఎం యజమాని గొలుసులకు ట్యూబు తొడిగించారు. సైకిలు ట్యూబులు తెచ్చి ఇచ్చింది, నేను మొదట్లో రాసిన ఆ పెద్ద వయసు హమాలీ. చక్రాలు మార్చాక భుజంనొప్పి తగ్గిందని ఆయన అన్నారు.

అన్నీ తీరలేదు. సందు అవతలి కొస మూసి ఉన్నది కాబట్టి రివర్సు తప్పదు. టార్చి పద్ధతి డీసీఎంకు అలవాటైంది కాని, కొత్త డ్రైవరు వచ్చిన రాత్రి మళ్లీ పాట మోగుతుంది. పాల వ్యాను దగ్గరికి కుర్రవాడు వారంలో నాలుగైదు రోజులు వస్తున్నాడు, రాని రోజున తేడా తెలిసిపోతుంది. షట్టరు స్ప్రింగు ఇంకా మార్చలేదు, ఈ నెలాఖరుకు మారుస్తామన్నారు. ఫోను యాప్‌లో అదేచోట, అదే వేళ పెద్ద దెబ్బలు ఇదివరకటికన్నా 12, 13 అంకెలు తక్కువ చూపిస్తున్నాయి. మా అత్తగారు వారంలో రెండు మూడు రాత్రులైనా తెల్లవారేదాకా నిద్రపోతున్నారు.

మిగిలింది ఐస్‌క్రీం వ్యాను. శుక్రవారం తెల్లవారుజామున వస్తుంది, సరుకు దించే ఇరవై నిమిషాలూ దాని శీతల యంత్రం మా కిటికీకి సరిగ్గా ఎదురుగా గుర్రుమంటూ ఉంటుంది. ఆపితే సరుకు కరిగిపోతుందని అంటున్నారు. తలుపులు మూసి ఇరవై నిమిషాలు యంత్రం ఆపితే నిజంగా కరుగుతుందా, లేక బండిని మలుపు దగ్గరే నిలిపి ట్రాలీమీద తెప్పించడం మేలా? ఆ బండ్లతో పనిచేసినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.